బెల్లం గొడౌను పిల్లులు

అక్టోబరు 9, 2003, గురువారం

తాగాయి. మూడూ తాగాయి.

పొద్దున్నుంచి ఇది అయిదోసారి. కొత్త ఇంకు ఫిల్లరు, మరిగే నీళ్ళలో కడిగి... ఒక చుక్క, ఆగడం, ఇంకో చుక్క. గోధుమరంగుది ఫిల్లరును రెండు ముందుకాళ్ళతో పట్టుకుని లాగుతోంది. దాని తల నా బొటనవేలి కన్నా కాస్త పెద్దది, అంతే. అంత బలం ఎక్కడ దాచుకుందో.

తెల్లారగానే పైడమ్మప్ప మా పక్కనున్న బెల్లం గొడౌను తుడిచే పనికి వెళ్ళింది. పది నిమిషాల్లో మా గుమ్మంలో నిలబడింది. కొంగులో మూట. తల్లిపిల్లి బెల్లం దిమ్మల మధ్య చచ్చిపడి ఉందట. మందు తిన్న ఎలుకను తిన్నట్టుంది.

"కళ్ళయినా తెరవనేదు టైలరమ్మా. ఊడిసి పారీమన్నారు. నాకు సెయ్యాడనేదు" అంది.

కుట్టుమిషను పక్కన అట్టపెట్టె. అందులో లైనింగు ముక్కలు. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, పక్కన తల్లిలా పడుకోబెట్టాను. దాన్ని ఆనుకుని ముగ్గురూ నిద్ర. బ్లౌజుల కోసం ఇద్దరు వచ్చారు. రేపన్నాను. మొహాలు ముడుచుకుని వెళ్ళారు. వెళ్ళనీ.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి, నడుముకున్న తాళ్ళ బెల్టు విప్పకుండానే పెట్టెలోకి తొంగి చూశారు. "మళ్ళీనా విజయా" అన్నారు. రోజంతా కరెంటు స్తంభాలెక్కి దిగే మనిషి, విసుగు రావడం న్యాయమే. కాళ్ళు కడుక్కుని వచ్చి పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు. "తాగుతున్నాయేటి?"

తాగుతున్నాయి.

అక్టోబరు 10, శుక్రవారం

గోధుమరంగు వాడు తోమా. నల్లమచ్చలది సారా. మూడోది తెల్లది, మిగతా ఇద్దరిలో సగం ఉంది. దానికి పేరు పెట్టలేదు. కాస్త గట్టిపడ్డాక పెడతాను.

అక్టోబరు 11, శనివారం

తోమా కళ్ళు తెరిచాడు. ముందు ఎడమది, సన్నటి గీతలా. మధ్యాహ్నానికి రెండోది. నీటి రంగు. నన్నే చూశాడని నేనంటాను. వాళ్ళకు ఇంకా ఏమీ కనబడదు అని ఆయనంటారు. ఆయనకేం తెలుసు.

మిషను ముందు కూర్చుని పాట పాడుతున్నానని పైడమ్మప్ప చెప్పేదాకా నాకు తెలియలేదు.

అక్టోబరు 14, మంగళవారం

తెల్లది పోయింది.

నిన్న సాయంత్రం నుంచే ఫిల్లరు నోట్లో పెడితే పాలు పక్కకు కారిపోయాయి. పొద్దున్న అరచేతిలో పెట్టుకుని ఊపిరి ఊదాను, రుద్దాను, ఎండలో కూర్చున్నాను. ఏడు గంటలకు ఒకసారి నోరు తెరిచింది. అంతే.

ఆయన డ్యూటీకి వెళ్ళే ముందు పెరట్లో గొయ్యి తీశారు. తెల్ల పాప్లిన్ ముక్కలో చుట్టాను.

పేరు పెట్టాల్సింది. పేరు లేకుండా పంపాను.

అక్టోబరు 15, బుధవారం

వెళ్ళాను. ఆయనకు చెప్పకుండానే వెళ్ళాను.

గొడౌను షావుకారు నూకరాజు గారిది. మా వంటింటి గోడ, ఆయన గొడౌను గోడ ఒకటే. పదకొండేళ్ళుగా ఆయన భార్య జాకెట్లు కుడుతున్నాను గానీ ఆయనతో నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేదు. తివాసీ మీద కూర్చుని బెల్లం ముక్క విరిచి, పాకం కుదిరిందో లేదో వేళ్ళతో నలిపి చూస్తున్నారు. ఎలుకల మందు మానేయండి అన్నాను. ఇంకేదో మర్యాదగా మొదలుపెట్టాలనుకున్నాను. అదే వచ్చేసింది.

ఆయన కోప్పడలేదు. లేచి, లోపలికి తీసుకెళ్ళి, మూల కొరికేసిన దిమ్మలు చూపించారు. "ఇయి సూడండి. ఎలకలు తినేత్తంటే సూత్తా కూకోమంటారేటమ్మా?"

నిజంగానే అడుగుతున్నారు. నిజంగానే చెప్పాను. మందు ఎలుకతో ఆగడం లేదు, ఆ ఎలుకను తిన్న పిల్లి కూడా పోతోంది. పిల్లులు పోతే మిగిలిన ఎలుకలకు అడ్డెవరు? మందు ఆపండి, పిల్లుల్ని నేను తెస్తాను.

ఇంకో బెల్లం ముక్క విరిచి నలిపారు. వచ్చేది కార్తీకం, ఆ నెలలో ప్రాణం తీసే పని తనకూ ఇష్టం లేదన్నారు. "కార్తీకం ఎల్లీదాకా మందు ఎట్టను. ఆ తరవాత కూడా ఎలకలు కనబడితే మీరు నన్నడక్కూడదు."

సరే అన్నాను. ఇంటికొచ్చాక ఒళ్ళంతా చెమట. నవ్వు. మళ్ళీ చెమట.

ప్రభువా, మాటయితే ఇచ్చేశాను. పిల్లులేవీ?

అక్టోబరు 19, ఆదివారం

పట్టాం.

ఆరాధన అవగానే ఇంటికి కూడా రాకుండా చేపల బజారుకు. ఆయన తెల్లచొక్కా, తెల్లప్యాంటు, చేతులకు మోచేతుల దాకా లైన్‌మన్ రబ్బరు గ్లవుజులు. కరెంటుకు పనికొచ్చేవి పిల్లి గోళ్ళకు పనికిరావా అని ఆయన వాదన. చేపలమ్మేవాళ్ళంతా కత్తులు ఆపి చూశారు.

అది బూడిదరంగు చారల పిల్లి, ఒక చెవి చిరిగి ఉంది. ఐసు పెట్టెల మీద నుంచి మమ్మల్ని చూసింది, కదల్లేదు. ఒకామె చెప్పింది, "అదా... మా బజారుకి రౌడీ అమ్మా. కుక్కల్నే తరివేత్తాది."

గంపలో ఎండు నెత్తళ్ళు పెట్టి, మూత నేను పట్టుకుని, ఆయన వెనకనుంచి... మొదటిసారి జారిపోయింది. రెండోసారి ఆయన నీళ్ళలో బోర్లా పడ్డారు. మూడోసారి అది తనంతట తానే గంపలోకి వెళ్ళి నెత్తళ్ళు తింటూ కూర్చుంది. మూత వేశాను. చేతులు కొట్టారు బజారంతా.

తెల్లచొక్కా సంగతి ఇక మరిచిపోవడమే. ఆయన దారంతా గంప మోస్తూ, "బరువుందే" అంటున్నారు, సొంత కూతురి గురించి చెప్పినట్టు. పేరు ఝాన్సీ. ఆయనే పెట్టారు.

అక్టోబరు 22, బుధవారం

మూడు రోజులు మా ఇంట్లో గంప కింద తిండి పెట్టి, వాసన అలవాటు చేసి, ఇవాళ గొడౌనులో వదిలాం. బాణంలా దిమ్మల వెనక్కి. మళ్ళీ కనబడలేదు. నూకరాజు గారు గడియారం చూసుకున్నారు.

అక్టోబరు 24, శుక్రవారం

పైడమ్మప్ప పరుగెత్తుకొచ్చింది. ఆమె పరుగెత్తగా చూడడం ఇదే మొదలు. షావుకారు కూర్చునే తివాసీ మధ్యలో ఎలుక. పందికొక్కంత ఉందట. పక్కనే ఝాన్సీ, మూతి నాక్కుంటూ.

షావుకారు ఏమన్నారని అడిగాను.

"ఏటీ అన్నేదు. సెప్పులు సేత్తో పట్టుకుని పక్కనించి ఎల్లి, ఆ మూల కూకున్నారు. దాని సోటు దానికిడిసేసి."

ఇవాళ ఒక్క కుట్టు సరిగ్గా పడలేదు. నవ్వుతూ కుడితే అంతే.

అక్టోబరు 26, ఆదివారం

దీపావళి బాంబులతో మూడు రోజులుగా సారా, తోమా పెట్టెలోంచి తల బయటపెట్టలేదు. ఇవాళ కాస్త సద్దుమణిగింది.

గిన్నెలు కడుగుతుంటే గోడ అవతల ఏదో ఏడుపు. సన్నగా. చెవి గోడకు ఆనించాను. గోడలో కాదు... గొడౌను కప్పు మీది వాననీళ్ళు కిందికి దిగే గొట్టంలో. ఏదో పిల్లికూన బాంబులకు బెదిరి కప్పెక్కి, అందులో పడినట్టుంది. ఎప్పుడు పడిందో.

అక్టోబరు 27, సోమవారం

గొట్టం అడుగున మలుపు, ఆ మలుపు సిమెంటు గట్టులో ఉంది. పైనుంచి తాడు వదిలాం. అది పట్టుకోదు, ఎలా పట్టుకుంటుంది. చేపముక్క తాడుకు కట్టి వదిలాం. అరుపు ఆగింది, మళ్ళీ మొదలైంది. తిన్నదో లేదో తెలియదు.

గొట్టం కోస్తే తప్ప రాదు అన్నారు ఆయన. షావుకారు అన్నవరం వెళ్ళారు, ఎల్లుండి గాని రారు. ఒకరి గొట్టం అడక్కుండా ఎలా కొయ్యడం?

తూర్పున నల్లగా మబ్బు.

అక్టోబరు 28, మంగళవారం

వరసగా రాస్తాను.

పొద్దున్న లేచేసరికి చల్లగాలి. మట్టి వాసన. కప్పు మీద నీళ్ళన్నీ ఆ గొట్టంలోకే వస్తాయి. ఆయన యూనిఫాం వేసుకుని డ్యూటీకి బయల్దేరారు. సైకిలెక్కారు. దిగారు. గొట్టం దగ్గర నిలబడి విన్నారు. అరుపు చాలా నీరసంగా ఉంది.

"హాక్సా బ్లేడు పట్రా" అన్నారు.

షావుకారు మాటో అన్నాను. "గొట్టం మళ్ళీ అతికించొచ్చు."

గట్టు పైన జానెడెత్తున మొదలుపెట్టారు. బ్లేడు పిల్లికి తగులుతుందేమోనని ప్రతి రెండు లాగులకూ ఆపి, వినడం. నేను గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను, దాని వణుకు నా అరచేతుల్లోకి వస్తోంది. పైడమ్మప్ప కప్పెక్కి, గొట్టం నోట్లో గోనెసంచులు కుక్కింది. ఆ వయసులో నిచ్చెనెక్కి. మొదటి చినుకులు పడ్డాయి. ఆ తర్వాత చినుకులు కాదు, వాన. సంచులు తడిసి, నీళ్ళు సన్నధారగా దిగడం మొదలైంది. బ్లేడు విరిగింది. ఇంకో బ్లేడు.

గొట్టం విడింది. ఆయన చెయ్యి మోచేతి దాకా లోపలికి. మొహం గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని వెతుకుతున్నారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. కళ్ళు తెరిచారు.

"దొరికింది."

బురద ముద్ద. ఊపిరుంది. అరవలేదు. ఆయన వేలిని కరిచింది. అంత చిన్న నోటితో, రక్తం వచ్చేలా. ఆయన వాననీళ్ళలో నిలబడి నవ్వుతున్నారు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన అలా నవ్వగా నేను చూడలేదు.

మూడు రోజులు చీకట్లో ఉండి బయటికొచ్చాడు. ఇంకేం పేరు పెడతాం... పెద్ద చేప కడుపులోంచి బయటపడ్డ ప్రవక్త పేరే. యోనా.

అక్టోబరు 29, బుధవారం

షావుకారు తిరిగొచ్చారు. కోసిన గొట్టాన్ని చూశారు. మా ఆయన ఎదురెళ్ళి, నేనే కోశాను అని చెప్పారు. నూకరాజు గారు యోనాను చూపించమన్నారు. చూసి, ప్రసాదం పొట్లం మా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

అక్టోబరు 30, గురువారం

పశువుల ఆసుపత్రి. ముందు రెండు గేదెలు, ఒక కుంటి మేక, వెనక గంపతో నేను. మేక యజమాని తొంగి చూసి, పిల్లికి కూడా చీటీ రాస్తారా అని అడిగాడు. రాశారు. చీటీ దాచుకున్నాను. జంతువు: పిల్లి. పేరు: యోనా.

డాక్టరు గారు కొత్తగా వచ్చినామె. చిన్నపిల్ల. పిల్లికి వైద్యం పుస్తకంలోనే చదివానండీ అని నిజం చెప్పేసింది. అయినా ఎంత ఓపిక. యోనా కుడికన్ను పోయింది, చీము పట్టేసింది. ఎడమకన్ను బాగుంది. మందులు రాసి, ఆవుపాలు మాని మేకపాలు పట్టమంది. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే... తెల్లది... సరే.

బయటికి రాగానే ఆ మేక యజమానినే అడిగాను, పాలెక్కడ దొరుకుతాయని. తనే పంపుతానన్నాడు.

నవంబరు 2, ఆదివారం

రాయకూడదనుకున్నాను.

ఆరాధన తర్వాత చెప్పుల దగ్గర, నా వెనక, ఇద్దరు. ఒకరిది నేను కుట్టిన జాకెట్టే. "పిల్లల్లేరు గదా, పిల్లులతో సరిపెట్టుకుంతంది."

వినబడనట్టు చెప్పులేసుకున్నాను. ఎడమది కుడికాలికి.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పలేదు. అయినా ఎలా తెలిసిందో. అన్నం తింటూ, యోనాను ఒళ్ళో పెట్టుకుని, కంచంలోకి చూస్తూ అన్నారు — "సరిపెట్టుకోడం కాదు విజయా. ఈడు ఈడే."

చేపముక్కలో ముళ్ళు తీసి యోనాకు పెట్టాం.

నవంబరు 8, శనివారం

గొడౌనులో కొత్త కొరుకుళ్ళు లేవు. పైడమ్మప్ప దిమ్మ దిమ్మా తిప్పి చూసిందట. షావుకారు ఊరంతా చెబుతున్నారు, "మా ఝాన్సీ" అని. మా ఝాన్సీ అట. రబ్బరు గ్లవుజులు ఎవరివి?

ఇంకో మాట. ఝాన్సీ పొట్ట దిగింది. నేను చేత్తో చూశాను. పిల్లలున్నాయి. నిలబడలేకపోతున్నాను, కూర్చోలేకపోతున్నాను. క్రిస్మస్ బట్టలు గుట్టలా పడి ఉన్నాయి, నేను వెల్వెట్ ముక్కలతో పరుపు కుడుతున్నాను.

నవంబరు 10, సోమవారం

ఒక్కటే భయం. అవతలి గొడౌను సూరిబాబు గారిది. అక్కడ ఇంకా మందు పెడుతున్నారు. ఝాన్సీకి గోడలు ఒక లెక్క కాదు.

వెళ్ళి అడిగాను. ఆయన తలెత్తలేదు. "పిల్లుల కోసం యాపారం మానుకోమంటారేటి?" నూకరాజు గారి గొడౌను చూడమన్నాను. వాళ్ళ దారి వాళ్ళదన్నారు. వచ్చేశాను.

నవంబరు 15, శనివారం

తోమా వెళ్ళిపోయాడు.

సబ్బవరం నుంచి బ్లౌజుల కోసం వచ్చే రమణమ్మ టీచరు. కొలతలు తీస్తుంటే వాడు ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఎక్కేశాడు, నడుం దాకా. ఆవిడ కదలకుండా నిలబడి, "ఈడ్ని నాకిచ్చీరాదా" అంది. వెంటనే సరేనన్నాను. పిల్లుల్ని పెంచుకోమని అడిగింది నేనే కదా నెల నుంచి, వచ్చినవాళ్ళనందరినీ. పాలేం పట్టాలో, చేప ఎలా ఉడకపెట్టాలో కాగితం మీద రాసిచ్చాను. రెండు పేజీలైంది.

బస్సు దాకా వెళ్ళాను. సంచిలోంచి చెయ్యి ఒకటి బయటికి. గోధుమరంగు చెయ్యి.

సంతోషమే. సంతోషమే ఇది. సారా సాయంత్రం నుంచి పెట్టె చుట్టూ తిరుగుతోంది.

నవంబరు 18, మంగళవారం

ఝాన్సీ గొడౌను గుమ్మంలో పడుకుని ఉంది. పిలిస్తే చెవి మాత్రం కదిలింది. నోరు తెరిచి చూశాను. చిగుళ్ళు సున్నంలా. ముక్కు దగ్గర రక్తం.

ఆయన ఎక్కడో స్తంభం మీద. నేను, పైడమ్మప్ప. ఆటోలు లేవు. నూకరాజు గారు చూశారు. బెల్లం లోడు ఎక్కిస్తున్న ట్రాలీ ఆటోను ఆపించి, "దింపీండి" అన్నారు. ఎక్కించిన దిమ్మలన్నీ దింపేశారు. ఖాళీ ట్రాలీలో మేమిద్దరం, మధ్యలో ఝాన్సీ. పైడమ్మప్ప దారంతా నూకాలమ్మకు మొక్కుతోంది, నేను ప్రభువుకు. ఎవరు విన్నా సరే.

డాక్టరు గారు కనురెప్ప ఎత్తి చూసి అడిగింది, ఎలుకల మందా అని. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం, దీనికి విరుగుడుంది, కె విటమిన్ ఇంజెక్షన్, తన దగ్గర లేదు, మనుషుల మందుల షాపులో దొరకొచ్చు. నేను పరుగెత్తాను. చెప్పులు లేకుండా. రెండు షాపుల్లో లేదు. మూడోచోట ఉంది. తిరిగొచ్చేసరికి ఊపిరి అందక, చేతిలో సీసా చూపించానంతే.

ఇచ్చింది. పిల్లల సంగతి చెప్పలేనంది. తల్లి సంగతి రేపు తెలుస్తుందంది.

నవంబరు 19, బుధవారం

ఉంది. ఇంకా ఉంది.

నవంబరు 21, శుక్రవారం

లేచింది. నాలుగడుగులు వేసి గిన్నె దాకా వెళ్ళింది. ఎండు నెత్తళ్ళు వాసన చూసి, నా మొహంలోకి చూసి, తినడం మొదలుపెట్టింది. నేను వీధిలోకి పరుగెత్తి, "పైడమ్మప్పా, తింతంది" అని కేకేశాను. మా వీధిలో నేను ఎప్పుడూ కేకెయ్యలేదు. ముగ్గురు కస్టమర్లు, షావుకారు, దిమ్మలు మోసే ఇద్దరు కళాసీలు, అంతా మా గుమ్మంలో. అందరి మధ్యలో ఝాన్సీ, ఎవరినీ లెక్కచెయ్యకుండా నములుతూ.

రోజూ మాత్ర వెయ్యాలి. వేస్తాను. గోళ్ళకు గ్లవుజులున్నాయి.

నవంబరు 24, సోమవారం

కార్తీకం వెళ్ళింది. నూకరాజు గారు పొద్దున్నే వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. మందు డబ్బాలు నిన్నే బయట పారేయించాను అన్నారు. "పారీడం కాదు, పాతిపెట్టించీసేను. ఏ కుక్కా నాక్కూడదు గదా."

సూరిబాబు గారితో కూడా మాట్లాడారట. ఆయన వినలేదట.

ఒక గొడౌను. ఒక్కటయినా.

నవంబరు 27, గురువారం

ఉండలేక సబ్బవరం వెళ్ళాను. బస్సులో కూర్చుని, తోమా నన్ను గుర్తుపడితే ఏడ్చేస్తానేమో, గుర్తుపట్టకపోతే ఏడ్చేస్తానేమో అనుకున్నాను.

గుర్తుపట్టలేదు. టీచరు దిద్దుతున్న నోటుపుస్తకాల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లావయ్యాడు. నన్ను చూసి ఆవలించి, మళ్ళీ కళ్ళు మూశాడు. ఎవరి ఇంట్లో ఉన్నాడో వాడికి తెలుసు. పుస్తకాల మీద ఎర్రసిరా పాదముద్రలు.

తిరుగు బస్సులో ఏడ్చాను. పక్కామె ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. లేదండీ, బాగున్నాడు అన్నాను.

నవంబరు 29, శనివారం

ఝాన్సీ ఈనింది. మూడు. మూడూ చచ్చినవే.

మందు లోపలికి వెళ్ళిపోయిందప్పటికే. డాక్టరు గారు ముందే అంది. తెలుసు. తెలిసినా వెల్వెట్ పరుపు దులిపి పరిచాను.

అది మూడింటినీ నాకుతూనే ఉంది. తీసేస్తుంటే చూసింది. గుర్రుమనలేదు. అలా గుర్రుమనకపోవడం... ఆయన పెరట్లోకి వెళ్ళారు. ఈసారి మూడింటికీ పేర్లు పెట్టాను. ఇక్కడ రాయను.

నవంబరు 30, ఆదివారం

ఆరాధనకు వెళ్ళలేదు. ఝాన్సీ తినలేదు. పొట్ట కింద పాలు దిగి గట్టిపడ్డాయి. వేడిగుడ్డ కాపడం పెట్టాను. యోనా వెళ్ళి పక్కన పడుకోబోతే ముక్కు మీద ఒకటిచ్చింది. ఒక్కటే సంతోషం, కొట్టే ఓపిక ఉంది.

డిసెంబరు 1, సోమవారం

పెట్టె పక్కనే నేల మీద కూర్చుని రాస్తున్నాను. పెన్సిలు చప్పుడుకు కూడా భయంగా ఉంది.

మధ్యాహ్నం గుమ్మంలో సూరిబాబు గారు. ఒక్కరే. భుజం మీద కండువా తీసి రెండు చేతులతో ఏదో పట్టుకున్నారు. పోట్లాటకు వచ్చారనుకుని లేచి నిలబడ్డాను. కండువా విప్పారు. నాలుగు. నిన్నో మొన్నో పుట్టినవి, బొడ్డుతాడు ఎండలేదు. ఆయన గొడౌనులో, ఖాళీ గోనెల మీద. తల్లి పక్కనే చచ్చిపడి ఉందట.

"మావాళ్ళు పారీత్తామన్నారు. నానే తెచ్చేను. ఏటి సెయ్యాలో నాకు తెల్దు" అన్నారు. పొడిగా, ఇటు చూడకుండా. చేతులు మాత్రం కండువాను వదల్లేదు.

తిడదామనుకున్నాను. ఎంత తిట్టాలని ఉందో. నాలుగో పిల్ల నోరు తెరిచి, చప్పుడు లేకుండా అరిచింది. తిట్లు తర్వాత.

ఆసుపత్రికి ఫోను చేయించాను షావుకారు షాపు నుంచి. డాక్టరు గారు ఆలోచించి, తల్లి నిలదొక్కుకుంది కదా, దగ్గర పెట్టి చూడండి, కరవబోతే తీసెయ్యండి అంది.

నాలుగింటినీ ఝాన్సీ పడుకున్న గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే దాని ముందు పెట్టాను. మిషను దగ్గర కూర్చున్న కస్టమరును కూడా కదలొద్దన్నాను. మా ఆయన భోజనానికి వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే ఆగిపోయారు. సూరిబాబు గారు వెళ్ళలేదు.

ఝాన్సీ మెడ చాచింది. వాసన. వెనక్కి తీసుకుంది. మళ్ళీ వాసన. గొంతులో గుర్రు... ఏ గుర్రో తెలియడం లేదు, కోపమా, పిలుపా. నా ఎడమచెయ్యి గాలిలో, పట్టుకోవడానికి సిద్ధంగా.

"తీసుకుంతాదా అమ్మా?" సూరిబాబు గారు అడుగుతున్నారు, గుసగుసగా.

తెలియదు అన్నాను.

నల్లది పాక్కుంటూ పొట్ట దాకా వెళ్ళింది. తల ఊపుతూ వెతుకుతోంది. ఝాన్సీ దాన్నే చూస్తోంది. ఒకసారి వీపు మీద నాకింది. ఆపింది.

ఇప్పుడు నన్ను చూస్తోంది.